రంగూను కోడలు సేనమ్మ

ఆమె అసలు పేరు మా సెయిన్. సెయిన్ అంటే బర్మా భాషలో వజ్రం. ‘మా’ అన్నది ఆడవాళ్ళ పేరుకి ముందు చేర్చే మర్యాద. పొగడవలసలో ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. వచ్చిన మొదటిరోజే అత్తగారు పెద్దతల్లి విసుక్కుని, "సేనో గట్టో, నా నోటికొచ్చిందే పిలుత్తాను" అంది. ఉద్దానంలో చేనుని సేను అంటారు. అలా రంగూను వజ్రం మా వైపుకొచ్చి సేనమ్మ అయింది.

పొగడవలస మందసకి తూర్పున, జీడితోటలూ కొబ్బరితోటలూ దాటాక, సముద్రం హోరు వినబడేంత దూరంలో ఉన్న చిన్న ఊరు. ఆ ఊళ్ళో ఓ రైతుకుటుంబంలో రెండోవాడు వైకుంఠరావు. అతని తండ్రి బారువ రేవులో ఓడెక్కి రంగూను వెళ్ళి, అక్కడి రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. మీసాలు మొలిచేవేళకి వైకుంఠం కూడా తండ్రి వెనకాలే వెళ్ళాడు. ఆ రోజుల్లో ఉద్దానంలో ఇంటికొకడు రంగూనులో ఉండేవాడు. వర్షాలు ముఖం చాటేస్తే రంగూనే దిక్కు.

తక్కువ కూలికి వస్తారని తెలుగువాళ్ళని అక్కడికి తోలుకుపోయింది తెల్లదొరలు. ఆ పని తమకి దక్కకుండా పోయిందని బర్మా కూలీలకి కడుపుమంట. దొరలు మేడమీద చల్లగా ఉన్నారు. కింద రేవులో ఈ కూలీలూ ఆ కూలీలూ తన్నుకు చచ్చారు. ముప్పయ్యో సంవత్సరంలో తెలుగు కూలీల మీద కత్తులు లేచినప్పుడు, వైకుంఠం తండ్రి ఓ ఖాళీ పడవ అడుగున దాక్కుని బతికాడు. పక్కన దాక్కున్నవాడు మన వైపు మాలవాడే. ఇద్దరికీ కలిపి ఒక్కటే రేకుడబ్బా, అందులోనే నీళ్ళు. తండ్రి చెప్పిన ఈ కథ వైకుంఠం ఎన్నోసార్లు చెప్పుకునేవాడు. చెప్పినప్పుడల్లా కళ్ళు తుడుచుకునేవాడు.

మా సెయిన్ ఆ రేవు గుమ్మం దగ్గర చుట్టలు చుట్టి అమ్మేది. తెలుగు కూలీలే ఆమె బేరగాళ్ళు. వాళ్ళ మాటలు వినీ వినీ తెలుగు నేర్చుకుంది. మగవాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగు కాబట్టి అది బస్తాలెత్తే తెలుగు. "ఎత్తరా, దింపరా, బేగి రారా" అంటూ ఆమె మాట్లాడుతుంటే రేవంతా నవ్వేది. వైకుంఠం మాత్రం నవ్వకుండా చుట్ట పుచ్చుకుని వెళ్ళిపోయేవాడు. నవ్వనివాడని ఆమెకి అతను గుర్తుండిపోయాడు. తెలుగువాళ్ళు కట్టుకున్న రాముడి గుడిలో వాళ్ళకి పెళ్ళయింది. సుభద్ర పుట్టింది.

అక్కడివాళ్ళు మనవాళ్ళని ‘కలా’ అనేవారు. సముద్రం దాటి వచ్చినవాడని దాని అర్థమని కొందరు సర్దిచెప్పేవారు. వీధిలో ఆ మాట విసిరినప్పుడు మాత్రం నల్లోడా అనే తగిలేది. కలాగాణ్ణి కట్టుకుందని మా సెయిన్‌ని ఆమె వాడలో ఎవరూ పండక్కి పిలవలేదు. ఆమెకి అందులో కొత్తేమీ కనిపించలేదు. చిన్నప్పుడు తను కూడా నీళ్ళు మోసే తెలుగువాళ్ళ వెంటపడి ఆ మాట అని పరుగెత్తినదే.

తరవాత దేశం సైన్యం చేతిలోకి వెళ్ళింది. పరదేశులు వెళ్ళిపోవాలన్నారు. దుకాణాలు పోయాయి, రేవులో పనులూ పోయాయి. తెలుగువాళ్ళు ఓడల కోసం బారులు తీరారు. మా సెయిన్ వెళ్ళనక్కర్లేదు. ఆమె ఆ గడ్డమీద పుట్టిన మనిషే. బియ్యం మిల్లులో పనిచేసే ఆమె అన్న వచ్చి కూర్చుని వాళ్ళ భాషలో నెమ్మదిగానే చెప్పాడు.

"కలా అయినా అతను మంచివాడే. కాదనను. కాని తెల్లవాళ్ళు తెచ్చిన మనుషులు తెల్లవాళ్ళతోనే పోవలసింది. నువ్వెందుకు పోవడం? అక్కడ నిన్నెవరు చూస్తారు?"

"అక్కడ అతని అమ్మ ఉంది" అంది మా సెయిన్.

ఓడ దగ్గర సంచులు వెతికే అధికారి కూడా అదే అడిగాడు. "నువ్వు బర్మా మనిషివి. ఈ కలాతో నీకేం పని?"

"నేను ఇతని భార్యని" అందామె. వెనకాల వరసలో ఎవరో తుపుక్కున ఉమ్మారు. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని ఓడెక్కింది. అన్న రేవుకి రాలేదు.

అది అరవై అయిదో సంవత్సరం. విశాఖపట్నంలో దిగి, రైల్లో వచ్చి, మందస నుంచి బండి కట్టించుకుని వాళ్ళు పొగడవలస చేరేసరికి మిట్టమధ్యాహ్నం. కొడుకు రంగూను కోడలితో వస్తున్నాడని పెద్దతల్లికి తెలుసు. రంగూనులో పెరిగిన తెలుగుపిల్ల అనుకుంది. చెంబుతో నీళ్ళు పట్టుకుని వాకిట్లో నిలబడింది. బండిలోంచి దిగిన మనిషి చీరే కట్టుకుంది, బొట్టే పెట్టుకుంది. కాని ఆ గుండ్రటి పచ్చని ముఖం, సన్నటి కళ్ళు చూసి వీధి వీధంతా నిలబడిపోయింది.

పెద్దతల్లి కొడుకు కాళ్ళమీద నీళ్ళు పోసింది. కాస్త ఆలోచించి మనవరాలి కాళ్ళమీద పోసింది. తరవాత చెంబు కింద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. సేనమ్మ వంగి తన కాళ్ళు తనే కడుక్కుంది.

వాళ్ళకి పెరట్లో పాక వేయించారు. వైకుంఠం అన్న మల్లేశ్వరరావుని ఊళ్ళో మల్లేసంటారు. చెడ్డవాడేం కాదు. తమ్ముడు బతికి వచ్చాడని కావలించుకుని ఏడ్చాడు కూడా. కాని అతనికి పెళ్ళికెదిగిన కూతురుంది. "రేపు సమ్మందానికొచ్చినోలు ఈ ఇంట నీరు తాగాలి కదా తమ్మీ" అన్నాడు. దాంతో సేనమ్మ వంటింట్లోకి రాకూడదు, నూతి గిలక ముట్టకూడదు అని తేలింది. తోడికోడలు నీళ్ళు తోడి ఆమె బిందెలో పోసేది. సుభద్ర వీధిలోకి వెళితే పిల్లలు ముక్కులు నొక్కుకుని "సప్పిడిముక్కు, సప్పిడిముక్కు" అని పాడేవారు.

అన్నిటికీ అంటు ఉందిగాని, ఎంచేతో చుట్టకి లేకపోయింది. పెద్దతల్లికి మా వైపు ముసలమ్మలందరిలాగే అడ్డపొగ అలవాటు. నిప్పు నోటి లోపల పెట్టుకుని పొగ పీల్చేది. ఓ మధ్యాహ్నం ఆమె చుట్టిన చుట్ట మాటిమాటికీ విడిపోతుంటే సేనమ్మ చూసి, అడక్కుండానే ఆకు తీసుకుని, రెండు వేళ్ళతో బిగించి, చివర మడిచి ఇచ్చింది. పెద్దతల్లి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అంటించింది. పొగ వదులుతూ, "ఒలే, రేవులో నువ్వు సుట్టింది ఇదేటి?" అంది.

"ఇదే అత్తా."

మల్లేసు చూసి, "అమ్మా, ఆవిడ సేతిది నోట్లో ఎట్టీసినావేటి?" అన్నాడు.

"పొగకి మైలేటిరా? నిప్పులో కాలిపోద్ది" అంది పెద్దతల్లి.

ఆ తరవాత రోజూ కోడలే చుట్టాలి. చుట్టేటప్పుడు ముసలామె రంగూను సంగతులు అడిగేది. అక్కడే కన్నుమూసిన తన మొగుడు ఎలా బతికాడో, ఏం తినేవాడో ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ సముద్రం అవతలి బతుకంతా ఈ కోడలి నోటే వింది. అన్నం మాత్రం ఆమె చేతిది తినేది కాదు.

మందస దారిలో జీడిపిక్కలు కాల్చి పప్పు తీసే ఓ జీడిబట్టీ ఉండేది. ఎండాకాలం చుట్టుపక్కల ఆడవాళ్ళంతా పనికి వెళ్ళేవారు. సేనమ్మ కూడా వెళ్ళింది. మేస్త్రీ మన్మథరావు ఆమెని పైనుంచి కిందకి చూశాడు.

"మీదే కులం?"

"మా దేశంలో కులం నేదు బాబూ."

"కులం నేకపోవడమేటి? ఎవులికైనా ఉంతాది."

"నేదు. బీదోలు, గొప్పోలు. అంతే."

మన్మథరావు కాసేపు తల గోక్కున్నాడు. కులం లేనివాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలో అతనికి ఎవరూ చెప్పలేదు. పప్పుకి పొట్టు తీసే గది రైతుల ఆడవాళ్ళది. అక్కడ నీడ, గాలి. కాల్చిన పిక్కలు కొట్టే సావిడి మాలపేట ఆడవాళ్ళది. పిక్కలోంచి కారే జీడి చేతుల్ని పొక్కించేస్తుంది. "కులం నేదంటే మరీ కిందన్నమాటే. అటెల్లి కూకో" అని సావిడి చూపించాడు.

అక్కడ పక్కన కూర్చున్నది బొడ్డమ్మ. సేనమ్మ వయసుదే, బలమైన మనిషి. సేనమ్మ వట్టి చేతులతో పిక్క పట్టుకోబోతే మణికట్టు పట్టి ఆపింది.

"ఓలమ్మా, సేతులు కాలిపోతాయి. ముందల బూడిద రాసుకో. కోడలమ్మవి, నీకిదేటి కరమ?"

"నువ్వూ ఇదే పని సేత్తన్నావు కదా."

"నానంటే పేటదాన్ని."

"నాను రంగూనుదాన్ని" అంది సేనమ్మ బూడిద రాసుకుంటూ. బొడ్డమ్మకి నవ్వొచ్చింది. ఆ వేళనుంచి వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు.

దాహం దగ్గర వచ్చింది గొడవ. పొట్టు గదిలో ఓ కుండ ఉండేది. సావిడివాళ్ళకి కుండ లేదు. గుమ్మం దగ్గర దోసిలి పట్టి నిలబడితే ఎవరో ఒకరు ఎత్తునుంచి నీళ్ళు పోయాలి. పోసేవాళ్ళకి తీరిక లేకపోతే ఎండలో అలా నిలబడే ఉండాలి. ఇదేమీ తెలియని సేనమ్మ నేరుగా లోపలికెళ్ళి కుండలో లోటా ముంచింది. గదంతా అరుపులు. ఎవరో కుండ తీసుకెళ్ళి రాయికేసి కొట్టారు. మన్మథరావు పరిగెత్తుకొచ్చి, "పేటోలతో పాటు నువ్వూ సెయ్యి పట్టాల" అన్నాడు.

సేనమ్మ చెయ్యి పట్టలేదు. ఆ పూట దాహంతోనే పిక్కలు కొట్టింది. మర్నాడు బొడ్డమ్మ తన ఇంటినుంచి చిన్న కుండ నెత్తిన పెట్టుకుని వచ్చింది. సేనమ్మ వైపు చూడకుండా, ఎవరితోనో అన్నట్టు, "తాగినోలు తాగొచ్చు" అంది. సేనమ్మ వెళ్ళి ముంచుకు తాగింది. సావిడిలో సుత్తుల చప్పుడు ఒక్క క్షణం ఆగిపోయింది.

సాయంత్రానికి మాట పొగడవలస చేరింది. ఆమె పాక దగ్గరికి వచ్చేసరికి వైకుంఠం గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"మాలోల కుండలో నీరు తాగినావట?"

"దాహమేసింది. తాగినాను."

"నాకు తల కొట్టీసినట్టు ఉంది. అన్న ఏటన్నాడో తెలుసా? ఇన్నాళ్ళూ నిన్నెలాగోలాగ సర్దుకొత్తన్నాం. ఇప్పుడిదేటి?"

సేనమ్మ చేతుల బూడిద దులుపుకుంది. "మీ అయ్య పడవలో దాక్కున్నప్పుడు ఆ డబ్బాలో నీరు తాగినాడు కదా మావా. పక్కోడు మాలోడే కదా. ఆ కత సెప్పి నువ్వేడిసీవోడివి."

వైకుంఠం గుమ్మం వదిలి పక్కకి జరిగాడు.

"కత్తట్టుకొచ్చినోడు ఎవుడైనా నీ కులం అడిగినాడేటి? అందరూ కలాలే. నా అన్న కూడా ఆ మాటే అన్నాడు. ఆణ్ణొగ్గీసి నీ ఎనకాతల వచ్చినాను."

"అది అక్కడ" అన్నాడు వైకుంఠం చివరికి. "ఇది ఊరు."

 తను అన్నది అతనికి నిజంగానే తప్పుగా తోచలేదు. రంగూనులో కలా అన్నప్పుడు ఒళ్ళు మండేది, ఎందుకంటే తను కలా కాదు, పొగడవలస రైతు. ఆ రైతుతనమే అక్కడ అతన్ని నిలబెట్టింది. ఇక్కడికి వచ్చాక దాన్ని వదులుకోమంటే తనకంటూ మరేమీ మిగలదని అతని భయం. సేనమ్మకి అది కొంత అర్థమైంది. అర్థమైనా కుండ మానలేదు. మర్నాడూ వెళ్ళి తాగింది.

ఆ సీజను అయ్యాక బొడ్డమ్మ మొగుడికి పలాస స్టేషను గూడ్సు షెడ్డులో పని దొరికింది. వాళ్ళు పేట ఖాళీ చేసి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు బొడ్డమ్మ పెరటి కంచె బయట నిలబడి, మా వైపు అక్కని పిలిచినట్టు, "అప్పా, ఎప్పుడైనా అవసరమైతే పలాసొచ్చి బొడ్డమ్మ ఇల్లేదని అడుగు. పట్టాల ఎనకాతల" అని చెప్పింది.

అరవై ఎనిమిదిలో పెద్దతల్లి మంచం పట్టింది. పెద్దకోడలికి పొలం పనులు, కూతురి పెళ్ళి పనులు. ముసలామెని లేపడం, కడగడం, పక్క మార్చడం అన్నీ సేనమ్మ మీద పడ్డాయి. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు సేనమ్మ గంజి తెచ్చి, తోడికోడలు వచ్చాక తాగిస్తుందిలే అని పక్కన పెట్టబోయింది. పెద్దతల్లి ఆమె కొంగు పట్టుకుంది.

"నువ్వే పట్టు."

"నా సేతిదా అత్తా?"

"నోరు మూసుకుని పట్టవే. సల్లారిపోతాది."

అంతే. తరవాత ఎప్పుడూ దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు. పెద్దతల్లి పోయినరోజు మాత్రం స్నానం చేయించేటప్పుడు సేనమ్మని దూరంగా జరగమన్నారు. అన్ని రోజులూ కడిగిన ఒళ్ళు అది. ఆమె వెళ్ళి పాక గుమ్మంలో కూర్చుంది.

పెద్దదినం నాడు కులపెద్దలు పెరట్లో పందిరి కింద చేరారు. విస్తళ్ళు వేశారు. తల్లికి కర్మ చేసిన కొడుకులు ముందు పంక్తిలో కూర్చోవాలి. వైకుంఠం కూర్చోబోతుంటే కులపెద్ద చెయ్యి అడ్డం పెట్టాడు. పాక తడిక వెనక సేనమ్మా సుభద్రా ఉన్నారు. అంతా వినిపిస్తూనే ఉంది.

"ఒక్క మాట వైకుంఠం. కోపమొద్దు. ఆవిడ నీకు పెళ్ళామా, రంగూనులో ఉంచుకున్నదా? పెళ్ళామైతే నీ కులం ఆవిడతోనే పోనాది, పంక్తిలో నీకు సోటు నేదు. ఉంచుకున్నదైతే ఫరవానేదు, మొగోడికి ఉండీదే."

వైకుంఠం నోరు తెరిచాడు. మాట రాలేదు. విస్తళ్ళ వైపు చూశాడు, అన్న వైపు చూశాడు.

మల్లేసు అందుకున్నాడు. "ఉంచుకున్నదే బాబూ. ఆడు సిగ్గుపడతన్నాడు. కూకోరా తమ్మీ."

వైకుంఠం కూర్చున్నాడు. అన్నం వడ్డించారు.

సుభద్రకి అప్పుడు పన్నెండేళ్ళు. "ఉంచుకున్నదంటే ఏటమ్మా?" అని అడిగింది. సేనమ్మకి ఆ మాట తెలుసు. రేవులో మగవాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగు కదా, అటువంటి మాటలన్నీ తెలుసు. కూతురికి మాత్రం చెప్పలేదు. తలదువ్వుతానని దగ్గర కూర్చోబెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే బట్టలు మూటగట్టింది. వైకుంఠం వాకిట్లో నిలబడి, "ఎక్కడికి?" అన్నాడు.

"పలాస. బొడ్డమ్మప్ప ఉంది."

"నాల్రోజులు ఆగు. అన్నతో మాటాడతాను."

"ఆగితే ఉంచుకున్నదాన్నే అయిపోతాను మావా" అంది సేనమ్మ. గొంతులో కోపం లేదు. అదే అతన్ని కదలకుండా చేసింది. తల్లీకూతుళ్ళు మందస వరకూ నడిచి బస్సెక్కారు.

బొడ్డమ్మ ఏమీ అడగలేదు. పట్టాల వెనక తన ఇంటి పక్కనే ఓ గది చూపించింది. పలాస బట్టీలో పని ఇప్పించింది. అక్కడా సావిడి వేరు, పొట్టు గది వేరు. కాని సావిడి పెద్దది. కొండదిగి వచ్చిన సవరవాళ్ళు, ఇచ్ఛాపురం వైపునుంచి వచ్చిన ఒడియావాళ్ళు, పేటల వాళ్ళు అందరూ అక్కడే కూర్చునేవారు. ఎవరి భాష వాళ్ళదే. సేనమ్మ ముఖం చూసి మొదటిరోజు సవర ఆడవాళ్ళు తమ మనిషే అనుకుని పలకరించారు. ఆమెకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అందరూ పడీపడీ నవ్వారు. ఈ దేశంలో దిగాక తన ముఖం చూసి తమదనుకున్నవాళ్ళు వాళ్ళే.

నెలా రెండు నెలలు పోయాక ఓ మధ్యాహ్నం వైకుంఠం బట్టీ గేటు దగ్గరికి వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. సేనమ్మ బయటికి వచ్చి గోడనీడలో నిలబడింది.

"ఉంచుకున్నదని నాను సెప్పనేదు" అన్నాడు వైకుంఠం.

"పెళ్ళామని సెప్పినావా?"

"అదీ సెప్పనేదు."

"రంగూను రేవులో ఆ అధికారి అడిగినప్పుడు నానూ అలాగే నోరు మూసుకుంతే?"

వైకుంఠం తలెత్తలేదు. "నువ్వు గట్టిదానివి" అన్నాడు.

"గట్టిదాన్నేటి కాదు. కాళ్ళు వణికీసినాయి. ఎనకాతల ఉమ్మినారు. అయినా సెప్పినాను. నోటితోటే కదా సెప్పడం, కాళ్ళతో కాదు."

"ఇప్పుడు నన్నేటి సెయ్యమంతావు?"

"నాకు సెప్పక్కర్లేదు, నాకు తెలుసు. ఎవులి ముందల సెప్పాలో ఆల్ల ముందల సెప్పు. సెప్పనేకపోతే అక్కడే ఉండు. నిన్ను తిట్టను."

లోపల మేస్త్రీ కేకేస్తే ఆమె వెళ్ళిపోయింది. అతను చాలాసేపు అక్కడే నిలబడి ఉన్నాడని తరవాత గేటు కాపలావాడు చెప్పాడు.

వైకుంఠం ధైర్యస్తుడు కాడు. ఊరెళ్ళాక కూడా మూడు వారాలు నోరు విప్పలేదట. ఆఖరికి ఓ ఉదయం అన్న అరుగుమీద కులపెద్దలు పెళ్ళి ముహూర్తం గురించి మాట్లాడుకుంటుంటే వెళ్ళి నిలబడ్డాడు. "ఆవిడ నా పెళ్ళాం. రాముడి గుడిలో తాళి కట్టినాను. ఆ దినం నాను మాటాడనేదు. ఇప్పుడు సెప్తన్నాను" అన్నాడు. మొదటిసారి సరిగ్గా వినబడక రెండోసారి అనాల్సివచ్చింది. వాళ్ళు పెద్దగా అరవలేదు. అయితే సరేనన్నారు. పంక్తికి నువ్వు లేవన్నారు. మల్లేసు ఏడుస్తూ, "నా పిల్ల పెళ్ళి ముందల ఇది సేసినావేట్రా" అని లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ ఏడుపు అబద్ధం కాదు. అతని భయం కూడా అబద్ధం కాదు. కూతురి సంబంధం అప్పటికే ఊగిసలాడుతోంది.

వైకుంఠం ఓ రేకుపెట్టెతో పలాస వచ్చాడు. సేనమ్మ పెట్టె అందుకుని లోపల పెట్టింది. సుభద్ర మాత్రం చాలారోజులు తండ్రితో మాట్లాడలేదు. ‘ఉంచుకున్నది’ అన్న మాటకి అర్థం ఆ పిల్లకి ఈలోగా ఎవరో చెప్పారు.

వచ్చినంత మాత్రాన అతను మారిపోయాడని కాదు. పక్కింట్లో బొడ్డమ్మ ఉంటే, ఆ గుమ్మం తొక్కకుండా చుట్టు తిరిగి వెళ్ళేవాడు. బొడ్డమ్మ చూసేది. ఏమీ అనేది కాదు, కాని పిలిచేదీ కాదు. సేనమ్మతో ఒకసారి అంది, "నీ మొగుడు నీకోసం ఊరొగ్గీసినాడప్పా. నాకోసం ఒగ్గనేదు."  నిజమే మరి.

అతన్ని మార్చింది గూడ్సు షెడ్డు. బొడ్డమ్మ మొగుడే అక్కడ పని ఇప్పించాడు. ఒకడి నెత్తిమీదకి బస్తా ఇంకొకడు ఎత్తాలి. ఎత్తేవాడు పట్టు వదిలితే మోసేవాడి మెడ విరుగుతుంది. రోజూ అలా ఒకరి మెడ ఒకరి చేతిలో పెట్టుకుని, మధ్యాహ్నం అన్నానికి వేరువేరుగా కూర్చోవడం వైకుంఠానికే ఎబ్బెట్టుగా తోచడం మొదలైంది. అది ఒక్కరోజులో జరగలేదు. వర్షాలు వచ్చి వెళ్ళాయి. ఓ సాయంత్రం ఇంటికి వచ్చి, పెద్ద ఘనకార్యం చేసినవాడిలా గుమ్మంలో నిలబడి, "ఇయ్యాల బొడ్డమ్మోలింట టీ తాగినాను" అన్నాడు.

సేనమ్మ అన్నం వారుస్తోంది. తల తిప్పకుండానే, "అయితే డప్పు కొట్టించమంతావేటి?" అంది.

సుభద్ర ఫక్కున నవ్వేసింది. వైకుంఠం కాసేపు చిన్నబుచ్చుకుని, తరవాత తనూ నవ్వాడు.

అరవై తొమ్మిది చలికాలంలో ఒకరోజు పొద్దుట బొడ్డమ్మ బట్టీలోకి పరిగెత్తుకొచ్చింది. "అప్పా, నీలాటి మనుసులు దిగినారు స్టేషన్లో. జనం మూగీసినారు." సేనమ్మ బూడిద చేతులతోనే వెళ్ళింది. ప్లాట్‌ఫారం మీద మూటల మధ్య ఓ తెలుగు ముసలాయన, అతని బర్మా కోడలు, చంకలో బిడ్డ. కొడుకు రాలేదు, అక్కడే ఎక్కడో ఆగిపోయాడట. చుట్టూ నిలబడిన జనం ఆ అమ్మాయి ముఖాన్ని, కట్టుకున్న లుంగీని, బిడ్డ కళ్ళని చూస్తున్నారు. ఆ అమ్మాయి తల దించుకుని ఉంది.

సేనమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి వాళ్ళ భాషలో పలకరించింది. ఆ అమ్మాయి ఉలిక్కిపడి తలెత్తింది. అన్నేళ్ళుగా వాడని మాటలు సేనమ్మ నాలుకకి తడబడ్డాయి, మధ్యలో తెలుగు దొర్లింది. ఆ అమ్మాయి ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు. తామెక్కడికి వెళ్ళాలో చెప్పింది. టెక్కలి దాటి ఏదో ఊరు, మామగారి అన్నదమ్ములు ఉన్నారట. తరవాత గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, ఇక్కడి మనుషులు ఎలాంటివాళ్ళు?"

సేనమ్మకి అందరూ ఒక్కసారే గుర్తొచ్చారు. చెంబు కింద పెట్టేసిన పెద్దతల్లి, గంజి పట్టమన్న పెద్దతల్లి ఒకే మనిషి. తలుపేసుకుని ఏడ్చిన మల్లేసు ఉన్నాడు. విస్తరి ముందు నోరు పెగలని మొగుడున్నాడు. వీళ్ళలో ఎవర్ని చెప్పాలి? మంచివాళ్ళని చెబితే ఈ పిల్ల మోసపోతుంది. చెడ్డవాళ్ళని చెబితే బిడ్డనెత్తుకుని ముందుకి ఎలా నడుస్తుంది?

"మన ఊళ్ళో వాళ్ళలాంటివాళ్ళే" అంది చివరికి. "నిన్ను ఎవరవని అడుగుతారు. సిగ్గుపడకుండా చెప్పు. ఎక్కడైనా ఉండలేననిపిస్తే పలాస రా."

తరవాత జనం వైపు తిరిగి, రేవులో నేర్చుకున్న తెలుగులో గట్టిగా అరిచింది. "ఏట్రా సూత్తన్నారు? బిడ్డకి గాలాడనేదు. జరగండి. ఒరే, నువ్వు ఆ మూటెత్తు!"

నవ్వుతూనే ఇద్దరు ముందుకొచ్చి మూటలెత్తారు. బొడ్డమ్మ చేతులు చాపి బిడ్డని అందుకుంది. ఆ అమ్మాయి ఒక్క క్షణం సేనమ్మ ముఖంలోకి చూసి, బిడ్డని ఇచ్చింది. టెక్కలి బస్సు ఎక్కడ ఆగుతుందో తెలిసినవాళ్ళు దారి చూపిస్తూ ముందు నడిచారు.